లోపల వదిలిన గుడ్డ

పాత క్యాలెండరు కాయితం వెనకపక్క
మా ఆయన ఎర్ర పెన్నుతో రాసి
బీరువా తలుపుకి అంటించినాడు.
ఒకటి: చేతుల్లేనివి కూడదు.
రెండు: మోకాళ్ళు చినిగిన ప్యాంట్లు కూడదు.
మూడు: వీధిలోకి పోతే చున్నీ.
నాలుగు అని అంకె వేసి
ఏమీ తోచక
అట్నే వదిలేసినాడు.

రేణిగుంట అత్త
ఫోన్లో ఏదో ఫోటో చూసి ఏదో అనిందంట.

మోనిష పళ్ళు తోముకుంటానే చదివింది.
"తమ్ముడి పేరు యాడుండాది నాయనా దీంట్లో?"
అనింది, నోట్లో నురగతో.
తమ్ముడు అప్పుడే లేచి
బొడ్డు కిందికి జారిన నిక్కరుతో
చొక్కా లేకుండా
పాలపాకెట్టుకి వీధి దాటతా ఉండాడు.
మొగిలి పేపరు పేజీ తిప్పినాడు.

బస్టాండు ఎదురు లాడ్జిలో
రిజిస్టరు రాస్తాడు మొగిలి.
రోజుకి పది ఊర్ల జనం, పది రకాల గుడ్డలు,
ఎవర్నీ ఒక్క మాట అనడు,
నంబరు చెప్పి తాళంచెవి చేతిలో పెడతాడు.
ఇంటికొస్తేనే ఆయనకి
కండ్లు కనపడేది.

కొర్లగుంటలో ఇరవై ఏండ్లుగా మిషన్ తొక్కతా ఉండాను.
మెడ ఎంత లోతు, గౌను ఎంత పొడుగు
అన్నీ అంగుళాల్లో చెప్పగలను.
"పద్ధతిగా కుట్టక్కా" అంటారే,
ఆ పద్ధతికి మాత్రం టేపులో గీత లేదు.
ఒకరికి మోచేతి కాడ ఉంటాది, ఇంకొకరికి మణికట్టు కాడ.

నేనేం పెద్ద ధైర్యస్తురాలిని కాను.
సందులో చూపులు ఎట్ల తగుల్తాయో నాకూ తెలుసు.
పోయిన దీపావళికి దాని జాకెట్టు వీపు
చెప్పకుండా ఒకటిన్నర అంగుళం పైకి కుట్టి
కొలత తప్పిందన్నాను.
అది నమ్మినట్టే ఉండిపోయింది.
ఇప్పుడు చున్నీ గేటు దాకా మెడలో ఉంటాది,
మలుపు తిరిగినాక బ్యాగులో.
ఆ జిప్పు శబ్దం
నాకు మిషన్ కాడికి వినపడతాది.

నాకంటూ ఉండే రూలు ఒకటే:
వేసుకోని చేతులెత్తు, బస్సు కమ్మి పట్టుకున్నట్టు.
వంగు, పడిపోయిన పెన్ను తీసుకున్నట్టు.
పొద్దంతా లాక్కుంటా తిరగాల్సిన గుడ్డయితే
విప్పేయ్.
నా కోసం కాదు, మీ అత్త కోసం అసలే కాదు.

నెల దాటింది.
కాయితం మూల ఊడి ఫ్యానుగాలికి కొట్టుకుంటా ఉండాది.
గంగజాతరకి చాటింపు వేసినారు.
మొగిలికి మొక్కుండాది, ఏడేడూ ఆడవేషం కడతాడు.
నా పెండ్లి చీర, అరువు తెచ్చిన సవరం,
మోచేతి దాకా గాజులు, మీసం మీసంగానే,
తాతయ్యగుంట దాకా నడుస్తాడు.
ఎవరూ నవ్వరు.
ముసిలోళ్ళు కూడా పక్కకి జరిగి దండం పెడతారు.

"పోయినేడు రవిక బిగిసింది, కొత్తది కుట్టు" అన్నాడు.
నేను టేపు చుట్టినాను,
మోనిష కొలతల పుస్తకం పట్టుకునింది.
ఛాతీ నలభై రెండు.
నడుము... ఊపిరి వదులు, బిగపట్టొద్దు... ముప్పై తొమ్మిది.
భుజం కాడికి వచ్చేసరికి
మొగిలి మెల్లిగా అన్నాడు:
"చేతులు పొట్టిగా పెట్టు.
అసలు పెట్టకపోయినా మేలే. ఎండాకాలం, ఉక్క."

ఫ్యాను తిరగతానే ఉండాది.
కాయితం టపటపా కొట్టుకుంటానే ఉండాది.
మోనిష తలెత్తలేదు.
"చేతులు: లేవు" అని రాసుకునింది,
ఆ ఎర్ర పెన్నుతోనే.
మొగిలి పెన్నును చూసినాడు.
బీరువాను చూసినాడు.
తర్వాత యాడ చూడాల్నో తెలియక
భుజం మీద నేనింకా పట్టుకోనుండే
టేపును చూసినాడు.

"అమ్మా" అనింది అది, తల వంచుకునే,
"నాయనకి లోపల గుడ్డ వదలాల్నా?"

పెరిగే పిల్లోళ్ళకి వదుల్తాను నేను,
రెండంగుళాలు మడిచి, లోపలికి కుట్టి.
ఏడాది పోయినాక విప్పుకుంటే సరిపోతాది.
నలభై ఆరేండ్ల మనిషికి
ఏ టైలరూ వదలడు.

"వదుల్దాంలే" అన్నాను.
"రాసుకో."